డమ్‌డమ్‌లో పాడిన లక్క

కోల్‌కతాలో సియాల్దా స్టేషను నుండి డమ్‌డమ్‌కు లోకల్ రైలులో కొద్ది నిమిషాల ప్రయాణం. దారిలో ఆగి చూడదగిన దృశ్యాలేవీ లేవు. అయినా గ్రామఫోను ఉన్న ఇంట పెరిగినవారికి ఈ రెండు పేర్లూ పరాయివి కావు.

1902లో ఈ నగరంలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసిన గ్రామఫోను కంపెనీవారు, ఆ పాటను అచ్చు వేయించడానికి జర్మనీలోని హానోవర్‌కు పంపవలసి వచ్చింది. 1908లో సియాల్దాలో కర్మాగారం వెలసింది. 1920ల చివర అది డమ్‌డమ్‌లోని జెస్సోర్ రోడ్డుకు మారింది. మన తెలుగు పద్యాలూ, నాటకాలూ, సినిమా పాటలూ అనేకం అక్కడే నల్లని పళ్ళాలపై ముద్రితమై మన ఊళ్ళకు వచ్చాయి.

ఆ పళ్ళానికి ప్రాణం లక్క. పాండవుల కథ విన్నవారందరికీ లక్క యిల్లు తెలుసు. ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసేదీ, హైదరాబాదు లాడ్ బజారు గాజులకు ఆధారమైనదీ ఆ లక్కే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల రసం పీల్చి బ్రతికే అతి చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడది. రాంచీ, పురూలియా ప్రాంతాల అడవులలో గిరిజనులు సేకరించిన లక్క, శుద్ధిచేసిన షెల్లాక్ రేకులుగా కలకత్తా రేవు నుండి ప్రపంచానికంతటికీ వెళ్ళేది. దానికి రాతిపొడి, దూది పీచు, మసి కలిపి వేడిమీద అచ్చులో నొక్కితే రికార్డు తయారయ్యేది.

రసాయనజ్ఞుని దృష్టిలో లక్క ప్రకృతి చేసిన పాలిస్టర్. అందులోని అణువులు ఈస్టర్ బంధాలనే ముళ్ళతో కలసి ఉంటాయి. క్షార ద్రావణంలో ఆ ముళ్ళు విడిపోతాయి. అప్పుడు లభించే అల్యూరిటిక్ ఆమ్లాన్ని పరిమళ ద్రవ్యాల తయారీలో వాడుతారు. మన పాలిథిన్ సంచిలో ఇటువంటి ముడి లేదు. కార్బనును కార్బను గట్టిగా పట్టుకొని ఉంటుంది. వాడి పారేసిన వస్తువును తిరిగి దాని మూలపదార్థాలుగా విడదీయగల ప్లాస్టిక్‌ల కోసం నేడు దేశదేశాల శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నారు. వారిలో అనేకులు పాలిమర్ గొలుసులో కావాలని పెడుతున్నది సరిగా ఇటువంటి ముడినే. చిత్రమేమంటే, ఆధునిక ప్లాస్టిక్ యుగానికి నాంది పలికిన బేక్‌లైట్ కూడా, షెల్లాక్‌కు బదులు పదార్థం కోసం 1900ల తొలి యేళ్ళలో లియో బేక్‌లాండ్ సాగించిన అన్వేషణ ఫలితమే!

అయితే ఈ సుగుణానికి మరొక ముఖం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలకు ఆటంకం కలిగి, షెల్లాక్‌కు కొరత వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే షెల్లాక్‌ను దాదాపు 70 శాతం తగ్గించింది. కంపెనీలు పాత రికార్డులను సేకరించి, పొడిచేసి, కొత్త లక్కతో కలిపి తిరిగి అచ్చు వేశాయి. పాతది తెచ్చినవారికే కొత్తది అమ్మిన దుకాణాలున్నాయి. ఆ పొడిలో ఎవరెవరి కంఠాలు కలిసిపోయాయో చెప్పగలవారు లేరు. పదార్థం మిగిలింది, పాట పోయింది.

1948లో వచ్చిన వినైల్ రికార్డు ఈ కథను తలక్రిందులు చేసింది. అది సులభంగా పగలదు, గరగరలాడదు. కాని క్లోరిన్ కలిగిన ఆ ప్లాస్టిక్‌ను మూలపదార్థాలుగా విడదీయడం బహు కష్టం. డమ్‌డమ్ మాత్రం లక్కను వెంటనే వదలలేదు. 1960లలో బీటిల్స్ పాటలు సైతం అక్కడ 78 వేగపు రికార్డులుగా వెలువడ్డాయి. విదేశీ సేకర్తలు వాటికై నేటికీ వెదుకుతారు.

జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో హిందూస్తానీ సంగీతపు పాత రికార్డింగులను డిజిటల్ రూపంలో భద్రపరుస్తున్నారు. రికార్డులు కొనదలచినవారు ఫ్రీ స్కూల్ వీధిలోని పాత రికార్డుల దుకాణాలకు వెళ్ళవచ్చును. చేతికి బరువుగా ఉండి, గోటితో తట్టితే పింగాణీలా మ్రోగేది లక్క రికార్డు. దుమ్ము ఉంటే మెత్తని గుడ్డతో తుడవండి. స్పిరిటు మాత్రం తగలనీయకండి. లక్క కరిగిపోతుంది, పాటతో సహా.