ఆంచ్ ఎంత పెట్టాలి?

చేర్యాలలో మా తమ్ముడిది చిన్న దుకాణం. షాదీ వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఇల్లంతటికీ రోజీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి కొనుక్కొచ్చాడు. లోపల రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఆరు కోర్లది.

ఈద్ అయిపోయింది, షాదీల సీజన్ మొదలైంది. మే నెల ఎండలు. కంప్యూటర్ ఫ్యాను హోరు బయట గల్లీ దాకా వినిపిస్తోంది. ఒక వలీమా వీడియో తయారవడానికి 47 నిమిషాలు పట్టింది. హైదరాబాద్‌లో డిప్లొమా చదివే మా పెద్దోడు సెలవులకు వచ్చి, "చాచా, దీన్ని ఓవర్‌క్లాక్ చేద్దాం" అన్నాడు. అంటే, కంపెనీ పెట్టిన వేగం కంటే ప్రాసెసర్‌ను తేజ్‌గా నడపడం.

నాకు ఫికర్ పట్టుకుంది. "కాలిపోతే? దాని వల్ల నష్టమైతే వారంటీ కూడా రాదంట కదా?" అన్నాను. ముట్టుకోవద్దని చెప్పేసేవాణ్నే. వంటింట్లోంచి అమ్మీ అడ్డొచ్చింది. "నిప్పంటే భయపడితే వంటెట్ల బేటా? ఆంచ్ కొంచెం కొంచెం పెంచుకోవాలె. మూత దగ్గర నుంచి కదలొద్దు." ఆమెకు కంప్యూటర్ తెలియదు. దమ్ బిర్యానీ తెలుసు.

సరే అన్నాను, ఒక షరతు మీద. ముందు షాదీ వీడియోలన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ కావాలి. అవి మనవి కావు, జనం అమానత్.

తర్వాత మావాడు డబ్బా విప్పాడు. కూలర్ రెక్కల నిండా దుమ్ము, దూది. వీడియో తయారయ్యేటప్పుడు వేడి 94 డిగ్రీల దాకా పోతోంది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 95. ఆ హద్దు దగ్గర అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపి, కొత్త థర్మల్ పేస్ట్ పూసి, పొడుగాటి టవర్ కూలర్ బిగించాం. వేడి 74కు దిగింది. అదే వీడియో 42 నిమిషాల్లో అయిపోయింది. ఇంకా ఓవర్‌క్లాక్ మొదలే పెట్టలేదు!

ఆ రాత్రి బయాస్ తెరిచాడు. ప్రాసెసర్ వేగం ఒక గుణకారం లెక్క: 100 మెగాహెర్ట్జ్‌ను 40తో గుణిస్తే 4.0 గిగాహెర్ట్జ్. వోల్టేజీ 1.2తో మొదలుపెట్టాం. ఒక్కో మెట్టు ఎక్కడం, పది నిమిషాలు సినీబెంచ్ పరీక్ష, వేడి చూడటం. 85 దాటితే ఆపేయాలని ముందే అనుకున్నాం. 4.1కి 1.25 వోల్టులు, 4.2కి 1.3. వోల్టేజీతో జాగ్రత్త: వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 నుంచి 1.3కి పెంచడమంటే 8 శాతమే, కానీ దానివల్లే వేడి 17 శాతం ఎక్కువ.

4.3 దగ్గర తెర నల్లబడింది. తమ్ముడి మొహంలో రంగు పోయింది. మావాడు మాత్రం ఘబ్రాయించలేదు. ప్లగ్ పీకి, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి, తెర వెలిగింది. అల్హమ్దులిల్లాహ్!

"4.2 పక్కా, అబ్బా. బస్" అన్నాడు. పది నిమిషాల పరీక్షలో అది నిజంగానే పాసైంది. "రాత్రంతా నడవనీ, సబర్ చెయ్" అన్నాను. ప్రైమ్95 పెట్టి పడుకున్నాం. ఫజర్‌కు లేచి చూస్తే కంప్యూటర్ మామూలుగానే నడుస్తోంది. కానీ పరీక్షలో ఒక వరుస మూడు గంటల తర్వాత లెక్క తప్పి ఆగిపోయింది.

నన్ను భయపెట్టింది తెర నల్లబడటం కాదు, ఇదే. మిషన్ పడిపోతే మనకు తెలుస్తుంది. పడిపోకుండా తప్పు లెక్క చేస్తే తెలియదు. ఆ తప్పు ఎవరో బిడ్డ నికాహ్ వీడియోలో పడితే? ఖుబూల్ అన్న ఆ ఒక్క క్షణమే చెడిపోతే? ఆ షాదీ మళ్లీ జరగదు కదా.

నేనేమీ అనలేదు. మావాడు ఆ ఎర్రర్ వైపు చాలాసేపు చూసి, తనే 42ను 41 చేశాడు, వోల్టేజీని 1.25కు దించాడు. మళ్లీ ఒక రాత్రంతా పరీక్ష. ఒక్క తప్పూ రాలేదు, వేడి 78 దాటలేదు. వలీమా వీడియో నలభైన్నర నిమిషాల్లో తయారైంది.

హిసాబ్ చూడండి. శుభ్రం చేసి కూలర్ మార్చితే అయిదు నిమిషాలు మిగిలాయి. రెండు రాత్రుల ఓవర్‌క్లాక్‌తో ఒకటిన్నర. మీ ఇంట్లో పిల్లలు ఇదే అడిగితే వద్దని కసురుకోకండి. ముందు దుమ్ము దులపమనండి, ఫైళ్లు కాపీ చేయమనండి, రాత్రంతా పరీక్ష పెట్టమనండి. పక్కన కూర్చోండి.

అమ్మీకి ఆ సంగతంతా చెప్తే నవ్వింది. "అడుగంటకముందే దించినవ్ కదా" అంటూ మనవడికి చాయ్ పోసిచ్చింది.