మా భాషకు నంబరు లేదా?

మన మార్కుల కార్డు చూడండి. తెలుగు ప్రథమ భాష. హిందీ ద్వితీయ భాష. ఇంగ్లీషు తృతీయ భాష. మేము లంబాడీలము. మేము ఇంట్లో మాట్లాడే గోర్ బోలికి ఇందులో ఏ నంబరూ లేదు.

నేను మా తండా బడిలో ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగా రాదు. గోడకు అక్షరాల చార్టు ఉండేది. 'అ' పక్కన అమ్మ బొమ్మ. ఇదేంది అని సార్ అడిగితే నేను గట్టిగా "యాడి" అన్నాను. మా భాషలో యాడి అంటే అమ్మ. సార్ తప్పు అన్నడు. తెలుగు వచ్చిన పిల్లలు నవ్విండ్రు. నేను చెప్పింది తప్పు కాదు. కాని ఆ మాట చెప్పుకోవడానికి నాకు తెలుగు రాదు. చాలా రోజులు క్లాసులో నోరు తెరవలేదు. మొద్దు పిల్ల అని పేరు పడ్డది.

ఆరో తరగతిలో హిందీ మొదలైంది. ఏక్, తీన్, చార్, పాంచ్ అన్నీ మా ఇంటి మాటల లెక్కనే ఉన్నయి. ముందే ఎక్కడ నేర్చుకున్నవ్ అని మేడం అడిగింది. మా భాష హిందీ, గుజరాతీల కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది అని తర్వాత తెలిసింది. అంటే నేను మొద్దు పిల్లను కాదు. నాకు వచ్చింది ఎవరూ అడగలేదు.

మా దాదా బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డది. కాటా దగ్గర రాత్రంతా వరుసలో ఉండి, రైతులతో తెలుగు, గుమస్తాలతో ఉర్దూ, మహారాష్ట్ర కూలీలతో మరాఠీ మాట్లాడేవాడు. ఇంటికొస్తే లంబాడి. నాలుగు భాషలు వచ్చినా వేలిముద్రే కాబట్టి ఆయనను ఎవరూ చదువుకున్నోడు అనలేదు.

చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. 2004 ప్రాంతంలో మన ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర, లంబాడి వంటి 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్న తరగతుల పుస్తకాలు వేశారు. ముందు ఇంటి భాష, మెల్లగా తెలుగు. 2020 జాతీయ విద్యావిధానం కూడా, వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పాలంటుంది. నా చదువులో మాత్రం ఆ లంబాడి పుస్తకం నేను చూడలేదు.

నన్ను గురుకులంలో చేర్చేటప్పుడు ఫారం ఎవరో నింపిండ్రు. మాతృభాష దగ్గర 'తెలుగు' అని రాసిండ్రు. చదువు రాని మా బా వేలిముద్ర వేసిండు. ఈసారి మా తమ్ముని ఫారం నేనే నింపిన. 'లంబాడి' అని రాసిన. ఫారం తీసుకునే ఆయన "తెలుగు అని రాయమ్మా, ఏం ఫరక్ పడదు" అన్నడు. "ఫరక్ పడకపోతే అట్లనే ఉండనియ్యండి సార్" అన్నాను. గొంతు వణికింది. కాని ఆయన తీసుకున్నడు.

తెలుగు నాకు ఇష్టమే. ఇది తెలుగులోనే రాస్తున్న. కాని అందరం తెలుగు అని రాస్తే లంబాడి పిల్లలు లేరనే లెక్క వస్తది. లేని పిల్లలకు పుస్తకాలు ఎవరు వేస్తారు?

అక్కలారా, చెల్లెలారా! సెలవుల్లో ఇంటికి పోయి తమ్ముళ్ల, చెల్లెళ్ల ఫారాలు నింపేది మనమే. మీది గోండి అయితే గోండి, లంబాడి అయితే లంబాడి అని రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని