మోకాలి సూదులు: డబ్బు కట్టే ముందు అడగవలసినవి



మన సంఘం కూటాల్లో ఈ మధ్య పెళ్లి సంబంధాల కన్నా మోకాళ్ల గురించే మాటలు ఎక్కువ. ఎవరు ఏ ఊసి వేయించుకున్నారు, ఎంత అయింది, ఎన్నాళ్లు నిలిచింది అని. మా ఇంట్లోనూ రెండేళ్లుగా ఇదే పాటు గనుక తెలుసుకున్నది రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము, రైల్వేలో ఫైళ్లు చూసినవాళ్లం. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక దిద్దుకున్నాం. పెద్ద మాటలు రావు, ఉన్నది ఉన్నట్టు చెప్తాం.

మొదటి చిక్కు పేరులోనే ఉంది. మా తిరుచ్చి పక్క డాక్టర్లు ఎక్స్‌రే చూసి "మూట్టు తేయ్మానం" అంటారు, అంటే కీలు అరుగుదల. అది వినగానే మనకు అరిగిన రైలు పట్టా గుర్తుకొస్తుంది. పట్టా అరిగితే మార్చాలి, మార్చేదాకా బండి మెల్లగా పోవాలి. అందుకే మనవాళ్లు నడక మానేసి కుర్చీలో కూర్చుంటారు. మోకాలు పట్టా కాదు, ప్రాణమున్నది. ఎముకల చివర ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కాలు కదిలి ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కూర్చుండిపోతే తొడ కండ సన్నబడి భారమంతా కీలు మీదికి వస్తుంది. ఎక్స్‌రేలో ఎంత అరిగితే నెప్పి అంత అనే లెక్క కూడా లేదు.

మా ఇంటావిడకు కుడి మోకాలు. ఉచ్చిపిళ్ళైయార్ కొండ మెట్లు 400కు పైగా ఎక్కి దిగిన మనిషి, వాకిట్లో కోలం వేయడానికి వంగలేని స్థితికి వచ్చింది. ఒక క్లినిక్‌లో అయిదు నిమిషాలు చూసి, రెండు మోకాళ్లకూ మూడేసి సూదుల ప్యాకేజి అన్నారు. ఈ వారమే కడితే తగ్గింపట. అది కట్టాలంటే మా ఎఫ్.డి. ఒకటి గడువుకు ముందే తీయాలి. పది రోజులు ఆగమని చెప్పి వచ్చేశాం. మా అమ్మాయి ఇంగ్లీషులో చదివి చెబుతూంటే, గుమాస్తా అలవాటు కదా, నోటుబుక్కులో గళ్లు గీసుకున్నాం: ఏం చేస్తారు, ఎన్నాళ్లు ఉంటుంది, ఆ తరువాత ఏమిటి.

స్టెరాయిడ్ సూది: వాపు ఉన్నప్పుడు త్వరగా పని చేస్తుంది, కొన్ని వారాలే. షుగరు ఉన్నవాళ్లకు కొద్దిరోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పాలి. అమెరికాలో 140 మందికి, సగం మందికి ఈ మందు, సగం మందికి ఉప్పునీరు, మూడు నెలలకొకసారి రెండేళ్లు వేసి చూశారు. 2017లో ఫలితం వచ్చింది. నెప్పిలో తేడా లేదు, మందు వేసినవాళ్లలో మృదులాస్థి ఎక్కువ పలచబడింది. అవసరానికి ఒకసారి వేరు, వాడుకగా మారడం వేరు.

జెల్ సూది, అంటే హైలురోనిక్ యాసిడ్: కీలుకు కందెన అంటారు. పరీక్షల్లో ఉప్పునీటి కన్నా లాభం స్వల్పమే.

పీఆర్‌పీ: మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాలిలోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన పరీక్షలో, ఏడాది తరువాత ఉప్పునీటికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది 2021 మాట. కొన్ని చిన్న పరీక్షల్లో మేలు కనిపించింది, అందుకే డాక్టర్లలో రెండు మాటలున్నాయి.

ఈ ఉప్పునీటి సంగతి మనం బాగా పట్టుకోవాలి. ఉప్పునీరు ఎక్కించుకున్నవాళ్లకూ నెప్పి తగ్గింది! మోకాలి నెప్పి అల లాగా వచ్చి పోతుంది. అల ఎత్తున ఉన్నప్పుడే మనం ఆస్పత్రికి పోతాం. తరువాత ఎలాగూ కొంత దిగుతుంది, ఆ పేరు సూదికి వస్తుంది. కాబట్టి "పక్కింటాయనకు బాగయింది" అన్న మాట ఒక్కదాన్నీ నమ్మి ఎఫ్.డి. తీయకూడదు. టెలిస్కోపు పెట్టి మోకాలు కడిగే ఆపరేషనూ అంతే. హ్యూస్టన్‌లో 180 మందిలో కొందరికి పైన కోత మాత్రమే పెట్టి కుట్టేశారు. వాళ్లకూ మిగతావాళ్లకూ తేడా లేదని 2002లో తేలింది.

పది రోజుల తరువాత క్లినిక్‌కు వద్దని చెప్పేశాం. రైల్వే ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు తొడ కండకు వ్యాయామం, ఎడమ చేతిలో కర్ర. కర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టాలి, మనలో చాలామంది తిరగేసి పడతారు. బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లోనే లెక్క కట్టారు. నాలుగు నెలల్లో పగటి నెప్పి దిగింది, రాత్రి నెప్పి దిగలేదు.

అప్పుడు నెప్పి డాక్టరు దగ్గర రేడియోఫ్రీక్వెన్సీ చేయించాం. మోకాలి నెప్పిని మోసే సన్న నరాల్ని సూది మొనతో వేడి చేసి ఆపుతారు. మాకు నచ్చింది ఏమంటే, ముందు మత్తుమందుతో పరీక్షించి చూస్తారు. అందులో నెప్పి తగ్గితేనే అసలు పని. పేస్‌మేకరు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే ముందే చెప్పాలి. ఇది అరుగుదలను బాగుచేయదు. నరం మళ్లీ పెరుగుతుంది గనుక కొన్ని నెలలకు నెప్పి తిరిగి రావచ్చు. మాకు ఇది ఏడో నెల. నెప్పి పోలేదు, తగ్గింది. ఆవిడ నిద్రపోతోంది, పిడి పట్టుకుని స్టేషను వంతెన ఎక్కుతోంది. ఈ నెలల్లో కండ పెంచుకోకపోతే ఆ డబ్బు వృథా అని డాక్టరే చెప్పారు.

రక్తనాళంలో సన్న రేణువులు వదిలి వాపు తగ్గించే పద్ధతి ఇంకొకటి ఉంది, జపాన్ డాక్టర్లు మొదలుపెట్టారు. అది ఇంకా పరీక్షల దశలోనే ఉంది. అన్నీ అయి, కాలు వంగిపోయి, నిద్ర లేకపోతే కీలు మార్పిడికి భయపడనక్కరలేదు. 2017లో కేంద్రం ఆ కీలు పరికరాల ధరకు హద్దు పెట్టింది. బిల్లులో దాని ధర విడిగా అడగండి.

ఏ సూదికైనా నాలుగు ప్రశ్నలు: ఉప్పునీటి కన్నా ఇది ఎంత మేలు? ఎన్ని నెలలు? నా షుగరుకు, నా మాత్రలకు సరిపోతుందా? ఆ నెలల్లో నేను చేయవలసింది ఏమిటి? జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి. మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి బిగుసుకుపోయినా మాత్రం ఆలస్యం వద్దు, ఆ రోజే చూపించండి.

సంఘం వారికి ఒక మనవి. ఈసారి ఉగాదికి జంబుకానాలు పరిచినా, గోడ వారగా ముప్పై కుర్చీలు వేయించండి. కూర్చోలేమని ఇంటి దగ్గరే ఉండిపోయే పెద్దవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు రావాలి, నడిచి రావాలి.