అదిరిపడ్డంత మాత్రాన

రేణిగుంట జంక్షన్‌లో ఆగని గూడ్సు బండి హారన్ కొట్టుకుంటూ వచ్చిందంటే ప్లాట్‌ఫారం మీద జనమంతా ఒక్కసారి అదిరిపడతారు. భుజాలు లేస్తాయి, మెడ కుంచించుకుపోతుంది, కళ్లు మూతపడతాయి. చెన్నై–గుంతకల్ లైనూ, గూడూరు–కాట్పాడి లైనూ కలిసే ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఆ మోత విన్నవాళ్లకైనా రెప్పపాటు తప్పదు. అయినా పక్కనున్న పిల్లాణ్ణి పట్టుకుని, "ఏంద్రా ఇంత జడుపు నీకు?" అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధ.

పెద్ద శబ్దానికి ఒళ్లు ముడుచుకోవడం మెదడు అడుగుభాగం చేసే పని. సెకనులో పదో వంతు గడవకముందే రెప్ప వాలిపోతుంది. ఆలోచన మేలుకునేది ఆ తర్వాతే. చంటిబిడ్డ చేతులు చాచి ఉలిక్కిపడడమూ పుట్టుకతో వచ్చిందే. డార్విన్ లండన్ జూలో మందపాటి అద్దానికి మొహం దగ్గరగా పెట్టి, అవతలి విషసర్పం కాటేయబోయినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కొట్టగానే గజం, రెండు గజాలు వెనక్కి గెంతాడు. 1872లో అచ్చయిన పుస్తకంలో ఆ సంగతి తానే రాశాడు.

అందుకే ఉలుకునూ జంకునూ ఒకే గాటన కట్టకూడదంటాను. ఉలుకు మన చేతిలో లేదు. ఆ తర్వాత ఏం చేస్తామన్నదే మనది.

మాకు దగ్గర్లోని శ్రీకాళహస్తిలో కొండమీద కన్నప్ప గుడి ఉంది. ధూర్జటి కావ్యంలో చెప్పిన ఆ తిన్నడి కథ తెలియని ఇల్లు మా వైపు ఉండదు. లింగం కంట నెత్తురు కారుతుంటే బాణంతో తన కన్ను పెరికి పెట్టాడు. అది ఆగింది, రెండో కంట మొదలైంది. అందరూ మొదటి కన్నుకే అబ్బురపడతారు. నా మనసు రెండోదాని దగ్గర ఆగిపోతుంది. మొదటిసారి ఆ నొప్పి ఎంతో అతనికి తెలియదు. రెండోసారి తెలుసు. తెలిసే, చూపు పోతే చోటు కనబడదని లింగం కంటి దగ్గర కాలు ఆనించి, మళ్లీ బాణం ఎత్తాడు. ఆ చెయ్యి వణకలేదని నేననుకోను. వణికినా ఆగలేదు. శివుడే ఆపాల్సి వచ్చింది.

ఉలికిపాటును చూసి పిల్లల మీద పిరికివాళ్లన్న ముద్ర వేయకండి. సూది చూసి చెయ్యి లాక్కున్న బిడ్డకు, ఆ చెయ్యి మళ్లీ తానే చాపేందుకు కాస్త వ్యవధి ఇవ్వండి.