మన మోకాళ్ళు ఇనుపవి కావు

"అడవి బిడ్డలు కదా, మీ కాళ్ళకేం నొప్పి?" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. పొగడ్తలా వినిపించే ఈ మాట మన పిల్లలకు చేటు చేస్తోంది. నొప్పి వచ్చినా పైకి చెప్పుకుంటే పరువు పోతుందని వాళ్ళు అనుకుంటున్నారు.

మల్కాజ్‌గిరి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల గల్లీల్లో గదులు కిరాయికి తీసుకుని పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యే గూడేల, తండాల పిల్లలను మేము చూస్తుంటాం. తెల్లవారకముందే లేచి సఫిల్‌గూడ చెరువు వైపో, మౌలాలి రోడ్డు మీదో ఉరుకుతారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. పరుగు తప్పితే చివరి రాతపరీక్షకు పిలుపు లేదు. అందుకే ప్రకటన రాగానే సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన బూట్లతో, ఒక్కసారిగా రోజుకు ఐదారు కిలోమీటర్లు మొదలుపెడతారు. కొన్ని వారాలకే మోకాలు మొరాయిస్తుంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. మోకాలు నొప్పి పెట్టడం వేరు, మోకాలు జారిపోవడం వేరు.

మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు, చాలాసేపు కూర్చుని లేచినప్పుడు చిప్ప చుట్టూ నొప్పి వస్తే, అది ఎక్కువగా మోయలేని పని ఒక్కసారిగా మీద పడడం వల్ల వచ్చేది. పరుగు పూర్తిగా మానక్కర్లేదు. దూరం సగానికి తగ్గించి, మట్టి నేల చూసుకుని, తొడకు, పిరుదులకు బలం పెంచాలి. మోకాలికి కాపలా కాసేవి ఆ కండరాలే. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు వంచకుండా జానెడున్నర ఎత్తి, ఐదు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు చేయాలి. తర్వాత రెండు మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం. వీటికి జిమ్ము అక్కర్లేదు, గదిలో చాప చాలు. అయితే ఫలితం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అందుకే ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టాలి.

జారిపోవడం సంగతి వేరు. కబడ్డీలో గిరుక్కున తిరిగినప్పుడు, లాంగ్ జంప్‌లో దిగినప్పుడు లోపల 'టప్' మని, కొన్ని గంటల్లోనే మోకాలు వాచి, తర్వాత తిరిగినప్పుడల్లా కాలు పట్టు తప్పుతుంటే లోపలి లిగమెంటు తెగి ఉండవచ్చు. కాలు మడతలో ఇరుక్కుని చాచలేకపోతే, ఎముకల మధ్య మెత్త చిరిగి ఉండవచ్చు. ఇలాంటప్పుడు గుంజీలు తీయించడం, గట్టిగా మర్దన చేయడం కీడు. ఆముదపాకు వేడిచేసి కడితే హాయిగా ఉంటుందేమో కానీ తెగిన లిగమెంటు అతుక్కోదు. గాంధీ లాంటి పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించాలి.

మా దగ్గర చదివిన ఒకబ్బాయికి కబడ్డీలో దెబ్బ తగిలింది. మోకాలు రెండుసార్లు జారినా ఎవరికీ చెప్పలేదు. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని ఉరికాడు. లాంగ్ జంప్‌లో దిగగానే కూలబడ్డాడు. సూది నొప్పిని దాచిందే కానీ కాలికి బలం ఇవ్వలేదు. పైగా ఆ మందులు కడుపుకు, నీళ్ళు తక్కువ తాగి ఉరికేవాళ్ళకు కిడ్నీలకు కూడా ముప్పు.

మోకాలు ధైర్యానికి కొలత కాదని చెప్పడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని 1970లలోనే జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ సంస్థ మల్కాజ్‌గిరికి దగ్గర్లో, తార్నాకలోనే ఉంది. ఆ పిల్లల్లో ఏం తక్కువైంది? మంచినీళ్ళు తక్కువయ్యాయి. కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్ 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికి వెళ్ళింది. వైద్యం చేయించుకుని, ఓపికగా కోలుకుని 2018 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. చూపించుకున్నందువల్ల ఆమె చిన్నబోలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలల్లో ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించే కసరత్తు చేయిద్దాం. దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి పోకుండా, కాస్త వంచి మెత్తగా దిగడం నేర్పుదాం. ఈ లిగమెంటు దెబ్బ ఆడపిల్లలకు ఎక్కువగా తగులుతుంది, వాళ్ళకు తప్పక నేర్పాలి. కుంటుతూ వచ్చిన పిల్లను "నటిస్తున్నావా" అనకుండా, "ఎప్పుడు నొప్పి, ఎక్కడ నొప్పి, జారుతోందా?" అని అడుగుదాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉద్యోగ ప్రకటన ఈసారి పోతే మళ్ళీ వస్తుంది. పొలానికైనా, డ్యూటీకైనా, ముసలితనంలో వాగు దాటడానికైనా మీకున్నవి ఈ రెండు మోకాళ్ళే. నొప్పి ఉంటే నోరు విప్పి చెప్పండి.