ఏలీ చూసినదీ, చూడనిదీ



ఈ వారం మేము మొదటి సమూయేలు గ్రంథం మొదటి మూడు అధ్యాయాలు ధ్యానించాం. షిలోహు మందిరపు గుమ్మం దగ్గర యాజకుడైన ఏలీ కూర్చుని ఉన్నాడు. బిడ్డలు లేని హన్నా ఏడుస్తూ ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి గాని స్వరం వినబడడం లేదు. ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఏమమ్మా, ఏం కష్టం అని అడగకముందే గద్దించాడు. ఆమె తాగలేదు, దుఃఖంలో ఉంది.

అదే ఏలీ ఇంట్లో హొఫ్నీ, ఫీనెహాసు దేవుని మందిరంలోనే దుర్మార్గం చేస్తున్నారు. ఆ సంగతి జనమంతా చెప్పుకున్నారు. ఏలీ కొడుకులను పిలిచి నాలుగు మాటలు చెప్పాడు, అంతే. వారిని అడ్డగించలేదని దేవుడే ఆయన మీద తప్పు మోపాడు.

ప్రియులారా, లేనిచోట తాగుడు చూడడం, ఇంట్లో ఉన్న తప్పును అడ్డుకోకపోవడం అనే ఈ రెండూ మన ఇళ్లలో, మన యవ్వన బిడ్డల విషయంలో జరుగుతున్నాయి.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి అన్నం సరిగా తినడం మానేశాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి, తలుపు వేసుకుని పడుకుంటున్నాడు. వాడు తాగుతున్నాడని తండ్రి కొట్టాడు. తీరా చూస్తే పిల్లవాడు రెండు సబ్జెక్టులు తప్పి, ఆ మాట ఇంట్లో చెప్పలేక రాత్రిళ్లు ఏడుస్తున్నాడు. మరో ఇంట్లో తొమ్మిదో తరగతి బాలుడు. సండే స్కూలులో వాక్యాలు కంఠస్థం చెప్పే బిడ్డ. తండ్రి పొలం నుంచి రాగానే బెల్టు షాపుకు పంపి క్వార్టర్ తెప్పించుకునేవాడు. బిడ్డ దారిలో మూత తీసి ఒక గుక్క తాగి, అంత నీళ్లు కలిపి తెచ్చేవాడు. అలా ఎన్ని నెలలు గడిచాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాబట్టి గుర్తుపట్టడం అంటే అనుమానించడం కాదు, దగ్గరగా చూడడం. నోటి వాసన పోవడానికి ఎప్పుడూ చూయింగ్ గమ్ నమలడం, కూల్ డ్రింక్ సీసా ఎవరికీ ఇవ్వకపోవడం, ఇంట్లో డబ్బులు తగ్గడం, పాత స్నేహితులను వదిలి కొత్తవారి పేర్లు దాచడం, జాతర నుంచో పెళ్లి ఊరేగింపు నుంచో వచ్చి ఎవరికీ ముఖం చూపకుండా పడుకోవడం, మార్కులు పడిపోవడం, ఊరికే కోపం రావడం. వీటిలో ఒక్కటి కనబడితే తాగుడని తేల్చేయకండి. అది భయం కావచ్చు, దిగులు కావచ్చు. కొన్ని కలిసి కనబడితే మాత్రం ఊరుకోకండి. ఎలాగైనా ముందు అడగండి. మత్తులో ఉన్న రాత్రి కాదు, మరునాడు పొద్దున, అన్నం పెట్టి, పక్కన కూర్చుని అడగండి.

మగపిల్లవాడు కదా, ఒక గుక్కకేమవుతుంది అనే పెద్దలున్నారు. ఎదిగే పిల్లల మెదడు ఇరవై ఏళ్లు దాటినా ఇంకా రూపుదిద్దుకుంటూనే ఉంటుంది. పదిహేనేళ్లలోపు తాగుడు మొదలుపెట్టిన వారు పెద్దయ్యాక దానికి బానిసలయ్యే అవకాశం చాలా ఎక్కువ. చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డకు మద్యం ఇస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. స్లాబు వేసిన రోజు, పందెం గెలిచిన రోజు పిల్లవాడి గ్లాసులో పోసే బాబాయిలు, మామయ్యలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తండ్రులారా, మీతో ఒక మాట. ఈ రోజు నుంచి బిడ్డ చేత సీసా తెప్పించకండి. అలవాటు మానుకోవడం మీకు కష్టంగా ఉంటే మా దగ్గరకు రండి, కలిసి ప్రార్థిద్దాం, ఆసుపత్రికి కూడా కలిసే వెళ్దాం. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే వైద్యుని సలహాతో మానాలి. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. లూకా కూడా వైద్యుడే.

తల్లులారా, మీరు బలహీనులని అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ తమ ఊరి సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. మన వీధి బెల్టు షాపు గురించి నలుగురు తల్లులు కలిసి పంచాయతీకి, ఎక్సైజు వారికి చెప్పగలరు.

పిల్లవాడు తాగి స్పృహ లేకుండా పడి ఉంటే మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి అడ్డుపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా వదలకండి. మత్తు మాన్పించే సలహాకు 14446, బిడ్డ ఆపదలో ఉంటే 1098 ఉన్నాయి.

సంఘానికి కూడా ఒక మాట. ఏ బిడ్డ పేరూ ప్రార్థన విన్నపంగా చెప్పి వీధిలో పెట్టవద్దు. సిగ్గుపడిన బిడ్డ మందిరానికి దూరమై, సీసాకు దగ్గరవుతాడు.

యిర్మీయా 35వ అధ్యాయంలో రేకాబీయుల ముందు నిండు ద్రాక్షారసపు పాత్రలు పెట్టినా వారు ముట్టలేదు. తమ పితరుడు యెహోనాదాబు చెప్పిన మాటను రెండు వందల ఏళ్లకు పైగా తరతరాలూ నిలుపుకున్నారు. ఒక తండ్రి మాటకు అంత బలం ఉంది. ఈ రాత్రి మీ ఇంట్లో ఆ మాట చెప్పండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా బిడ్డలను గద్దించే ముందు అడిగే ఓర్పు మాకివ్వండి. అడ్డుకోవలసిన చోట అడ్డుకునే ధైర్యమివ్వండి. తాగుడుకు చిక్కిన ప్రతి బిడ్డనూ విడిపించి, ఇంటికి చేర్చండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.