పెద్దవాళ్ల ఇన్సూరెన్సు, పిల్లల జరిమానా

టెక్సస్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు మకాం మార్చిన కుర్రాళ్లు టాక్సుల సీజన్‌లో తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇన్సూరెన్సు లేకపోతే జరిమానా ఏంటన్నా, అది ట్రంప్ తీసేశాడు కదా!"

సగం నిజమే. 2010 నాటి ఒబామాకేర్ చట్టం కింద జరిమానా 2014లో మొదలైంది. తొలి ఏడాది తలకు 95 డాలర్లు లేదా ఆదాయంలో ఒక శాతం. 2016కల్లా 695 డాలర్లు లేదా రెండున్నర శాతం, ఏది ఎక్కువైతే అది. 2017 డిసెంబరులో వచ్చిన పన్నుల చట్టం దాన్ని 2019 నుంచి సున్నా చేసింది. అలా ఖాళీ అయిన కుర్చీలో రాష్ట్రాలు కూర్చున్నాయి. 2019లో న్యూజెర్సీ, 2020లో కాలిఫోర్నియా, రోడ్ ఐలండ్ సొంత జరిమానాలు పెట్టుకున్నాయి. మసాచుసెట్స్‌కైతే 2006 నుంచే సొంత చట్టం ఉంది. మనవాళ్లు కిక్కిరిసి ఉన్న న్యూజెర్సీలోని ఎడిసన్, మా ఫ్రీమాంట్ రెండూ జరిమానా రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇన్సూరెన్సు లేనివాళ్ల శాతంలో దేశానికే మొదటి స్థానంలో ఉన్న టెక్సస్‌లో ఆ బెడద లేదు.

నేను ఈ జరిమానా పక్షమే. జబ్బు ఉందని కంపెనీ ఎవరినీ కాదనకూడదని చట్టం చెబుతోంది. మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బయటే ఉండి, ఒంట్లో బాగోలేనప్పుడే వస్తామంటే ఎలా? డబ్బు అవసరమైన నెలలోనే చీటీలో చేరి పాట పాడతానన్నట్టుంటుంది. అందుకే పాతికేళ్ల కుర్రాడు "నాకేం రోగం" అంటే వాడికి జరిమానా పడాల్సిందేనంటాను.

అయితే మా సర్కిల్లో ఇది ఆ కుర్రాళ్లకు తగలడం తక్కువ. వాళ్లకు ఉద్యోగంతోపాటే ఇన్సూరెన్సు కార్డు వస్తుంది. తగిలేది గ్రీన్‌కార్డు మీద వచ్చి, సగం ఏడాది ఇక్కడా సగం ఏడాది అక్కడా ఉండే అమ్మానాన్నలకు. విజిటర్ వీసా మీద వచ్చిపోయే పెద్దవాళ్లకు దీనితో పనిలేదు. గ్రీన్‌కార్డు వచ్చిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. అరవై అయిదు దాటినా, అయిదేళ్లు ఇక్కడ నివాసం ఉంటే తప్ప డబ్బు కట్టి పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికేర్‌లో చేరే వీలుండదు. తక్కువ ఆదాయం వాళ్లకు కాలిఫోర్నియా ఇచ్చే మెడికాల్ దొరికినవాళ్ల సంగతి వేరు. దొరకనివాళ్లు రాష్ట్రం నడిపే ఇన్సూరెన్సు మార్కెట్ కవర్డ్ కాలిఫోర్నియాలో కొనుక్కోవాలి. అక్కడ పెద్ద వయసువాళ్ల ప్రీమియం కుర్రాళ్లదానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు.

దాంతో ప్రతి ఇంట్లోనూ ఒకటే ఆలోచన: సంక్రాంతికి వెళ్లి ఎండలు ముదిరేదాకా ఉండి వస్తారు కదా, ఆ నాలుగు నెలలూ ఆపేద్దామా? కాలిఫోర్నియాలో వరుసగా మూడు నెలల దాకా కవరేజీ లేకపోయినా మినహాయింపు ఉంది. నాలుగో నెల వచ్చిందా, ఆ ఒక్క నెలకే కాదు, నాలుగింటికీ పడుతుంది. ఆపేశాక మధ్యలో మళ్లీ చేరడమూ తేలిక కాదు.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. తల్లిదండ్రుల్ని మన రిటర్నులో డిపెండెంట్లుగా చూపిస్తే జరిమానా కట్టాల్సింది మనమే. లెక్క కూడా మన ఆదాయం మీదే. 2023లో పెద్దవాళ్లకు తలకు కనీసం 900 డాలర్లు, లేదా రిటర్ను వేయాల్సిన కనీస పరిమితి దాటిన కుటుంబ ఆదాయంలో రెండున్నర శాతం, ఏది ఎక్కువైతే అది. పరిమితి పోగా లక్ష డాలర్లు మిగిలిందనుకోండి, ఏడాదికి 2,500. అంటే నాలుగు నెలలకు 833. తలసరి లెక్కయితే ఒక్కొక్కరికి మూడొందలతో పోయేది. చౌకరకం బ్రాంజ్ ప్లాను సగటు ప్రీమియం దాటకూడదన్న గరిష్ఠ హద్దు ఉంది కానీ, జీతం పెద్దదైతే ఆ హద్దు దాకా వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. ఇన్సూరెన్సు ధర అత్తమామల వయసును బట్టి, జరిమానా అల్లుడి జీతాన్ని బట్టి! ఈ లెక్క నాకు నచ్చదు.

మా మావయ్యగారికి ఇదంతా చెబితే హైదరాబాద్‌లో తీసుకున్న పాలసీ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఇది చూపించండి బాబూ, ఇరవై ఏళ్లుగా కడుతున్నాను." అది ఇక్కడ చెల్లదు. ట్రావెల్ ఇన్సూరెన్సూ చెల్లదు. ఆయన కాసేపు ఆలోచించి, "అక్కడ కట్టినందుకు 80డి కింద పన్ను తగ్గించేవాళ్లు, ఇక్కడ కట్టనందుకు పెంచుతారా?" అన్నారు. ఒబామాకేర్ జరిమానా పన్నేనా కాదా అన్నది అమెరికా సుప్రీంకోర్టుకే పెద్ద పంచాయితీ అయింది. 2012 జూన్‌లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అది పన్నుల అధికారం కిందికి వస్తుందని తేల్చాకే చట్టం నిలిచింది. ఆ కథ విని మావయ్యగారు, "నేను ముందే అన్నానుగా" అన్నట్టు అత్తయ్యగారి వంక చూశారు.

చివరికి ఏదీ ఆపలేదు. హైదరాబాద్ పాలసీ వదిలేస్తే ఈ వయసులో మళ్లీ ఇవ్వరని ఆయన భయం, ఇక్కడిది ఆపితే ఏమవుతుందోనని నా భయం. దాని ప్రీమియం ఆయన పెన్షన్‌లోంచి, దీనిది నా జీతంలోంచి పోతున్నాయి. మా అత్తయ్యగారు మాత్రం బీపీ మాత్రలు ఇప్పటికీ అక్కడి నుంచే ఆరు నెలలకు సరిపడా సూట్‌కేసులో తెచ్చుకుంటారు.